పిడుదుల విషయమై నాలుగు మాటలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవడం ఆనవాయితీ. కార్యదర్శి గారు నన్ను కుక్కల పిడుదుల మీద మాట్లాడమంటే మొదట నవ్వొచ్చింది. తీరా ఆలోచిస్తే, పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉండి ముసలివాళ్ళం ఇద్దరమే మిగిలిన ఇళ్ళల్లో చాలాచోట్ల ఒక కుక్క తోడుగా ఉంది. కాబట్టి ఇది మనకు పరాయి విషయం కాదు. నేను పశువైద్యుణ్ణి కాను. తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన వాణ్ణి. నేను చేసిన తప్పును, దాని వల్ల నేర్చుకొన్నదాన్ని మాత్రమే మనవి చేస్తాను.

2016 ఎండాకాలంలో మా మోతీకి పిడుదులు పట్టాయి. వీటినే కొన్ని ప్రాంతాల్లో గోమార్లు అంటారు. మా నాన్నగారు ఎద్దులకు చేసినట్లే నేనూ వాటి మీద కిరసనాయిలు వేసి, వేళ్ళతో పీకి, నేలకేసి నలిపాను. పని అయిపోయిందనుకొన్నాను. మూడు వారాలకు మోతీ అన్నం మానేసింది. “ఒకసారి డాక్టరు గారికి చూపించండి” అంది మా ఆవిడ. “ఒకటో తారీఖు రానీ” అన్నాను. కాగితాలు పెండింగులో పెట్టిన చేతులు కదా! ఎనిమిదో రోజున దాని ముక్కు వెంట నెత్తురు కారింది. అప్పుడు ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. నెత్తురు పరీక్ష చేసి, పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీషియా అనే జబ్బని చెప్పారు. ముందుగా తెస్తే మందులకు లొంగేదే. నాలుగో రోజున మోతీ పోయింది. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. దాని గిన్నె మాత్రం చాలాకాలం గుమ్మం పక్కనే ఉంచింది.

ఆ డాక్టరు గారు చెప్పిన సంగతి ఒకటి నా కళ్ళు తెరిపించింది. కుక్క ఒంటి మీద మనకు కనపడేవి కొన్నే. మిగతావి మన ఇంట్లోనే ఉంటాయి. ఆడ పిడుదు నెత్తురు తాగి ఆముదపు గింజంత ఉబ్బి, కింద రాలి, గోడ పగుళ్ళలోనో మంచం సందుల్లోనో వేల గుడ్లు పెట్టి చస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన ఆరుకాళ్ళ పిల్ల కుక్కనెక్కి నెత్తురు తాగి దిగుతుంది. కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళతో మళ్ళీ ఎక్కి, దిగుతుంది. పెద్దదయ్యాక మూడోసారి ఎక్కుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి పగుళ్ళలో కాచుకొని ఉండగలదు. నేను కుక్కను శుభ్రం చేశాను గాని ఇంటిని వదిలేశాను.

ఇక చేయవలసినవి. రోజూ సాయంత్రం చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక కింద చేత్తో తడిమి చూడండి. పిడుదు కనబడితే చేతికి తొడుగు వేసుకొని, సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి తలవద్ద పట్టుకొని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. అవి కుక్కకే హాని చేస్తాయి. వేళ్ళతో నలపవద్దు, స్పిరిట్ సీసాలో వేయండి. తరువాత కరిచిన చోటును, మీ చేతులను సబ్బుతో కడగండి.

పగుళ్ళు సిమెంటుతో పూడ్పించండి. కుక్క పడుకొనే గుడ్డలను వేడినీళ్ళలో ఉతకండి. ఇంట్లో కొట్టే మందు డాక్టరు సలహాతోనే కొట్టించండి. గుడ్లు తరువాత పొదుగుతాయి కనుక మళ్ళీ కొట్టించవలసి వస్తుంది. పొలానికి వాడే పురుగుమందును కుక్కకు పూయకండి. ఇప్పుడు మెడ మీద వేసే చుక్కల మందులు, నమిలే మాత్రలు ఉన్నాయి. బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం, గుర్తుంచుకోండి.

తిండి మానడం, జ్వరం, నీరసం, పాలిపోయిన చిగుళ్ళు, ముక్కు నెత్తురు, ముదురు రంగు మూత్రం — వీటిలో ఏది కనబడినా ఆ రోజే తీసుకువెళ్ళండి. కుక్క పిడుదు అప్పుడప్పుడు మనుషుల్నీ కరుస్తుంది. కరిచిన రెండు వారాల్లో మీకు జ్వరమో, ఒంటిమీద దద్దుర్లో వస్తే ఆ సంగతి మీ డాక్టరుకు తప్పక చెప్పండి. 1957లో ఇప్పటి కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, మనుషులకు జ్వరాలు వచ్చినప్పుడు కారణం వెతికితే పిడుదులే తేలాయి. అవి అడవి పిడుదులు, మన ఇంటివి కావు. అయినా ఈ జాతిని చులకన చేయరాదని చెప్పడానికే ఈ ముక్క.

రెండేళ్ళ తరువాత మా వీధి కుక్కపిల్ల ఒకటి వచ్చి మా గుమ్మంలో పడుకొంది. మా ఆవిడ ఆ పాత గిన్నె కడిగి పాలు పోసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆవిడ టార్చిలైటు పడుతుంది, నేను వెతుకుతాను. పది నిమిషాల పని.

నోరులేని జీవి అర్జీ పెట్టుకోలేదు. దాని కాగితాన్ని పెండింగులో పెట్టకండి.