‘సార్, నాకు సీటొస్తుందా?’
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బెంగళూరులో ఒక మేనేజ్‌మెంట్ కళాశాలలో పాఠాలు చెబుతాను. అడ్మిషన్ ఇంటర్వ్యూల్లో కూర్చోవడం కూడా నా పనే. అందుకే ఊరికొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు మార్కుల జాబితా చేతిలో పెట్టి ఒకటే అడుగుతారు: ‘సార్, ఎంబీయేలో నాకు సీటొస్తుందా?’

ఎనిమిదేళ్ల కిందట అమరాపురం బస్టాండు దగ్గర ఒక కుర్రాడు ఇలాగే అడిగాడు. మన బడిలోనే చదివినవాడు. పదిలో 68 శాతం, ఇంటర్లో 61, బీకాంలో 64. కాగితం చూశాను, ‘ఐఐఎం కష్టం నాయనా’ అన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. బస్సు కదిలింది, నేనూ మరిచిపోయాను.

రెండేళ్ల తర్వాత వాళ్ల నాన్న కనిపించి, కోపమేమీ లేకుండానే, ‘మీరు చెప్పినారని వాడు అప్లికేషనే వేయలేదు సార్’ అన్నాడు.

ఆ అర నిమిషంలో నేను చేసిన తప్పేమిటో ఈ రోజు చెబుతాను.

నేను లెక్క వేసింది బెంగళూరు ఐఐఎంకి. మనకు విజయవాడకన్నా అదే దగ్గర కదా, మనసు అక్కడికే పోతుంది! ఆ సంస్థ క్యాట్ మార్కులతోపాటు పది, ఇంటర్, డిగ్రీ మార్కులకూ, ఉద్యోగ అనుభవానికీ వెయిటేజి ఇస్తుంది. పాత మార్కులు తక్కువైతే అక్కడ నిజంగానే కష్టం. కానీ ఒక్కో ఐఐఎందీ ఒక్కో లెక్క. 2015లో మొదలైన విశాఖపట్నం ఐఐఎం ఉంది, ఇంకా ఇతర కొత్తవి ఉన్నాయి. ఇంజినీరింగు కాని డిగ్రీవాళ్లకు కొన్ని చోట్ల అదనంగా పాయింట్లిస్తారు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు కటాఫ్ వేరు. నేను ఒక్క సంస్థను మనసులో పెట్టుకుని మాట్లాడాను. వాడు అన్నిటికీ తలుపు మూసుకున్నాడు.

పైగా వాడు అప్పటికి ఒక్క మోడల్ పరీక్ష కూడా రాయలేదు. క్యాట్ మూడు భాగాలు, ఒక్కో దానికి 40 నిమిషాలు. 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులు కాదు, నూటికి 99 మంది నీ వెనక ఉన్నారని. రెండు లక్షల మంది రాస్తే, 99 తెచ్చుకున్నా నీ ముందు రెండు వేల మంది ఉంటారు. అయిదారు మోడల్ పరీక్షలు రాశాక చూస్తే ఎక్కడున్నామో కొంత తెలుస్తుంది. అవి లేకుండా నేను చెప్పింది జోస్యమే.

అన్నిటికన్నా పెద్ద తప్పు, ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అని అడగకపోవడం. వాడు శిరాలో ఒక వక్కల మండీలో రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాడట! రాశి ధరెంత, బెట్టె ధరెంత, రైతుకు ముందే ఇచ్చిన అప్పు తూకం రోజున ఎట్లా మినహాయిస్తారు, ఇవన్నీ వాడికి కరతలామలకం. ఇంటర్వ్యూలో ‘ఎంబీయే ఎందుకు?’ అని అడిగితే నూటికి తొంభై మంది కోచింగులో బట్టీ పట్టిందే అప్పజెబుతారు. మండీ గురించి చెప్పే కుర్రాడొస్తే మేం కుర్చీలో ముందుకు జరుగుతాం. ఇంగ్లీషు తడబడినా సరే.

అలాగని అందరికీ ‘వస్తుంది, వెళ్లు’ అనడం ఇంకో అన్యాయం. ఐసెట్‌లో జనరల్ వాళ్లకు 200కి 50 మార్కులొస్తే అర్హత. సీటు దొరకడం అంత కష్టమేమీ కాదు. ఆ సీటుకు తోట కుదువ పెట్టొచ్చా అన్నది అసలు సంగతి. కళాశాల కరపత్రంలో ‘సగటు జీతం’ అని ఉంటుంది. పదిమందిలో ఒకరికి 40 లక్షలు, తొమ్మిదిమందికి నాలుగేసి లక్షలొస్తే సగటు 7 లక్షల 60 వేలు. అంత జీతం ఆ పదిమందిలో ఎవరికీ లేదు! కాబట్టి సగటు అడక్కండి. వరుసలో నడిమి విద్యార్థికి ఎంతొచ్చింది, ఎంతమందికి అసలు ఉద్యోగమే రాలేదు, అది అడగండి. కిందటేడు బయటికొచ్చిన ఇద్దరికి ఫోను చేయండి. కళాశాలవాళ్లు ఇచ్చిన నంబర్లకు కాదు, మీరు వెతుక్కున్న నంబర్లకు.

ఇక్కడున్న మాస్టార్లకు ఒక మనవి. పిల్లలు మీ మాటను మా మాటకన్నా గట్టిగా పట్టుకుంటారు. ‘నీ వల్ల కాదు’ అనే ముందు ఏ కళాశాలకు, ఏ ఏడాదికి అన్నది కూడా దయచేసి చెప్పండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్‌రూములో కూర్చుంటాను. మార్కుల జాబితాలు తెచ్చుకోండి, ఒక్కొక్కరికి అరగంట ఇస్తాను. శిరాలో ఉన్న కుర్రాడికి కూడా కబురు పంపాను. సీజను కదా, మండీ వదిలి రావడం కష్టమన్నాడు. చూద్దాం.