భిక్ష యను మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



భిక్ష యన నేమో పల్లెటూరివారికి వేరుగ చెప్ప బనిలేదు. సంక్రాంతి నెలలో హరిదాసు వచ్చి వాకిట నిలుచును. ఇల్లాలు దోసిట బియ్యము తెచ్చి ఆతని పాత్రలో పోయును. ఇచ్చువారికి ఇయ్యవలెనను మనసుండును; పుచ్చుకొనువాడు ఒత్తిడి చేయడు; ఈయకున్నను మారు మాటాడక పొరుగింటికి సాగిపోవును. భిక్షకు లక్షణ మింతే.

ఇంత తెలిసిన మాటను 2021 నవంబరులో ఒక ప్రసిద్ధ నటి దేశ స్వాతంత్ర్యమునకు తగిలించిరి. హిందీ చిత్రముల కథానాయిక కంగనా రనౌత్ ఒక ఆంగ్ల వార్తా టెలివిజను సంస్థ జరిపిన సభలో మాటాడుచు, 1947లో వచ్చినది భిక్షయే యనియు, నిజమైన స్వాతంత్ర్యము 2014లో, అనగా కేంద్రమున ప్రభుత్వము మారిన సంవత్సరమున, వచ్చినదనియు పలికిరి. ఆ నెలలోనే ఆమె పద్మశ్రీ పురస్కార మందుకొని యుండిరి. ప్రతిపక్షములవారే కాదు, పాలక పక్షపు పార్లమెంటు సభ్యుడు వరుణ్ గాంధీ కూడ ఆ మాటను గట్టిగ నిరసించిరి. అంతట ఆమె, 1857 నాటి పోరాటము తెలియును గాని 1947లో ఏ యుద్ధము జరిగినదో తమకు తెలియదనియు, ఎవరైన తెలిపినచో పురస్కారమును తిరిగి యిచ్చి క్షమాపణ చెప్పుదుననియు ప్రకటించిరి. తెలియదని యొప్పుకొనుట మంచిదే. ఆ తెలిసికొనుట యేదో సభకు పోకముందే జరిగియుండిన ఇంకను బాగుండెడిది. 2024లో ఆమె లోక్‌సభకు ఎన్నికైరి గనుక ఆ మాట ఒక నటి సరదాగా అన్నదని విడిచిపెట్టుటకును వీలులేదు.

1947లో యుద్ధము జరుగలేదనుట నిజమే. కోతల నాడు దుక్కి దున్నుట కనబడలేదు గాన పంట ఊరక వచ్చినదని యెవరైన అన్నచో రైతు ఏమనుకొనును?

ముందుగా ఇచ్చువారి మనసెట్టిదో చూడవలెను. 1942 నవంబరులో బ్రిటిషు ప్రధాని చర్చిల్ లండనులో ప్రసంగించుచు, సామ్రాజ్యమును చుట్టబెట్టు పనికై తాను ప్రధానమంత్రిని కాలేదని బాహాటముగ చెప్పెను. దోసిట బియ్యము తెచ్చువారి మాట యిది కాదు. తలుపు గడియ బిగించువాని మాట. అప్పటికి మూడు నెలల క్రిందట, ఆగస్టు 12న, తెనాలిలో ఏమి జరిగినదో ఆ ప్రాంతపు పెద్దలు పిల్లలకు చెప్పుచుండెడివారు. క్విట్ ఇండియా తీర్మానమై నాలుగు దినములైనది. నాయకులు చెరసాలలో నుండిరి. ఆజ్ఞాపించువారు లేకయే జనము వీధులలోనికి వచ్చెను. రైల్వే స్టేషను తగులబడెను. పోలీసులు తుపాకులు పేల్చిరి. ఏడుగురు నేలకొరిగిరి. ఆ ఏడుగురి పేర నేడు తెనాలి రణరంగ చౌకులో ఏడు స్తంభములున్నవి. సంతకు పోవువారు, సినిమాకు పోవువారు ప్రతిదినము వాని ప్రక్కనుండియే పోవుచుందురు.

అంతకు ఇరువది యేండ్ల ముందు పల్నాటిలో పుల్లరి తగవు. తరతరములుగ పశువులు మేసిన అడవిలో మేపుటకు పన్ను కట్టుమనిరి. మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు కట్టననెను, ఊరిచేత కట్టనీయడాయెను. 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు ఆయన బలియైరి. ఆ రైతునకు సభావేదిక లేదు, పత్రికలేదు. పుల్లరి కట్టకుండుటయే ఆయన ఉపన్యాసము. పత్రిక గలవారి సంగతియు చెప్పవలెను. గ్రంథాలయోద్యమమున పేరెన్నికగన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అంతకు చాల ముందే, 1908లో, బెజవాడ పత్రికలో వెలువడిన ఒక వ్యాసమునకై రాజద్రోహ నేరముపై చెరసాలకు పోయిరి. తరువాత అట్టివారే ఊరూర గ్రంథాలయములు పెట్టించుచు తిరిగిరి. జైలు నుండి వచ్చినవారు పుస్తకముల బీరువాల వెంట నేల పడిరో ఈ రజతోత్సవ సమయమున తలచుకొనదగినది.

ఇక చివరి దినములు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నావికులు సమ్మె కట్టిరి. చెడ్డ తిండి, అధికారుల తిట్లు మొదటి కారణములు. కొద్ది దినములలో 78 ఓడలకు, సుమారు 20,000 మంది నావికులకు అది ప్రాకెను. ఎవరి బలముతో రాజ్యము నిలిచెనో వారే మాట వినని స్థితి వచ్చిన పిమ్మట దొరలకు నిదుర పట్టునా? రెండవ ప్రపంచ యుద్ధముతో బ్రిటను చితికిపోయినదనియు, అక్కడ ప్రభుత్వము మారినదనియు చరిత్రకారులు చెప్పుమాట సత్యమే. అయినను, ఇంటిలో తిష్ఠవేసినవాడు నీరసించి ఖాళీచేసినంత మాత్రమున, ఇంటి యజమాని భిక్ష పుచ్చుకొన్నట్లు కాదు.

తెలంగాణమువారికి 1947 ఆగస్టు 15న ఆ మాత్రపు ఖాళీయు జరుగలేదు. నిజాము సంస్థానమున మరి పదుమూడు నెలలు గడచినవి. అక్కడ పలికిన డాంబికములు వేరు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ, ఢిల్లీ ఎఱ్ఱకోటపై అసఫ్‌జాహీ పతాక మెగురునని సభలలో చాటెను. విని నవ్వుకొనదగిన మాటయే, కాని విన్నవారందరును నవ్వలేదు. కొందరు నమ్మి కత్తులు పట్టిరి. ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్, హైదరాబాదు భారత యూనియనులో చేరవలెనని నిర్భయముగ వ్రాయుచుండిరి. 1948 ఆగస్టులో ఒకనాటి రాత్రి కార్యాలయమునుండి యింటికి పోవుచుండగా ఆయనను కాల్చి, చేయి నరికిరి. ఆయన మరణించిరి. నెల తిరుగకమున్నే, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయెను. రజ్వీ చెరసాలకు పోయి, 1957లో విడుదలయై, పాకిస్తానమునకు తరలిపోయెను. పతాకము మాట మరల యెత్తినవారు లేరు.

2014 అను సంవత్సరమునకు తిరిగి వచ్చినచో, దేశమును ఒక్క నాయకునితో ముడివేయు మాట క్రొత్తది కాదు. ఎమర్జెన్సీ కాలమున కాంగ్రెసు అధ్యక్షుడుగా నుండిన దేవకాంత బారువా, ఇందిరయే ఇండియా, ఇండియాయే ఇందిర యనెను. 1977 మార్చిలో రాయబరేలి ఓటర్లు ఇందిరాగాంధీని ఓడించిరి. ఇండియా మాత్రము ఓడిపోలేదు. బారువాగారును కొంతకాలమునకు ఆమెను విడిచి, ఆమెకు ఎదురు నిలిచిన కాంగ్రెసులో చేరిరి. దేశము నెట్లు విడిచితిరని ఆయన నెవరైన అడిగిరో లేదో! ఆంధ్రులును పూర్తిగ తప్పించుకొన్నవారు కారు. ఆ ఎన్నికలలో రాష్ట్రమునందలి 42 స్థానములలో 41 కాంగ్రెసుకే యిచ్చిరి. 1980లో మెదకు ఇందిరాగాంధీనే లోక్‌సభకు పంపెను. ఓటు వేయుట తప్పు కాదు. ఒకరి గెలుపునాటినుండియే దేశమునకు జన్మదిన మెంచుట తప్పు. అది ఆనాడు పలికినను 2021లో పలికినను ఒకటే. తెనాలిలో కూలిన ఏడుగురికి ఆ యిద్దరు నాయకులలో ఎవరి పేరును తెలియదు.

ఇట్టి మాటలకు ఉత్తర మెట్లు చెప్పవలెను? వీధులలో దిష్టిబొమ్మలు కాల్చుట ఒక పద్ధతి. గాంధీజీ చర్చిల్‌నకు చెప్పిన ఉత్తరము వేరొక పద్ధతి. 1931 ఫిబ్రవరిలో గాంధీజీ వైస్రాయి ఇర్విను ప్రభువుతో సంప్రదింపులకు పోగా, చర్చిల్ రోసి, లండనులో బారిష్టరు చదివినవాడు అర్ధనగ్న ఫకీరు వేషమున వైస్రాయి భవనపు మెట్లెక్కుచున్నాడని యీసడించెను. ఆ కొల్లాయిగుడ్డ వేషము కాదు. 1921లో మధురలో, బీదవారికి కట్టుగుడ్డ చాలదని చూచి గాంధీజీ కట్టినది. ఆయన ఆ నిందను పదుమూడేండ్లు మోసిరి. 1944 జులైలో, జైలునుండి విడుదలయైన పిమ్మట, చర్చిల్‌నకే చిన్న ఉత్తరము వ్రాసిరి. ఫకీరు కావలెననియే తాను చిరకాలముగ యత్నించుచున్నాననియు, అందును నగ్న ఫకీరగుట మఱింత కష్టమనియు, కాబట్టి ఆ మాటను, తలపెట్టి అన్నది కాకున్నను, మెప్పుగనే తీసికొనుచున్నాననియు అందు వ్రాసి, ప్రజలిద్దరి మేలుకై తనను నమ్మి వాడుకొనుమని కోరిరి.

ఆ ఉత్తరము దారిలో తప్పిపోయినది. గాంధీజీ దాని ప్రతిని మరల పంపిరి.