సలాం గారి ప్రభావాన్ని కొలవడం ఎలా?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మా డబ్బుతో చదివిన పిల్లలు ఏమయ్యారు?" అని మీరు ఏటా మా స్కాలర్‌షిప్ కమిటీని అడుగుతారు. అడగాల్సిందే. అయితే ఒక మనిషి ఎదుగుదలను లెక్కగట్టడం ఎంత చిక్కో చూపడానికి ఇవాళ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం గారి సంగతి తీసుకున్నాం.

ఒకరి పరిశోధనా వ్యాసాన్ని ఆధారం చేసుకున్నవాళ్లు తమ వ్యాసం చివర దాని పేరు వేస్తారు. అదే సైటేషన్. వీటిని లెక్కించే సూచికను 1964లో అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అచ్చువేయించారు. 2005లో హిర్ష్ అనే ఆయన ఇంకో కొలత చెప్పారు. కనీసం పదేసి సైటేషన్లున్న వ్యాసాలు పది ఉంటే మీ అంకె పది. ఆయన లెక్కలో విట్టెన్‌కు 110, స్టీఫెన్ హాకింగ్‌కు 62 వచ్చాయి. అంతమాత్రాన హాకింగ్‌ను తక్కువ చేస్తామా!

సలాం గారికి 1979లో గ్లాషో, వైన్‌బర్గ్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. వైన్‌బర్గ్ వ్యాసం 1967లో అచ్చయింది, మూడే పేజీలు. నాలుగేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1971లో హాలండ్ యువకుడు టూఫ్ట్ ఇలాంటి సిద్ధాంతాల లెక్కలు నిలుస్తాయని నిరూపించాక సైటేషన్లు వెల్లువెత్తాయి. 1970లో ఎవరైనా కమిటీ వేసి చూస్తే ఆ పని వృథా అని రాసేసేవారు. సలాం గారు అదే ఆలోచనను 1968లో స్వీడన్ సదస్సులో చెప్పారు. అది పత్రికలో కాక సదస్సు సంపుటంలో వచ్చింది.

1964లోనే ఆయన ఇటలీలోని ట్రియెస్ట్‌లో పేద దేశాల శాస్త్రవేత్తల కోసం ఒక కేంద్రం పెట్టారు. అక్కడ నేర్చుకుని తమ ఊళ్లో పాఠం చెప్పుకుంటున్న మాస్టార్లు సలాం పేరు ఏ వ్యాసం కిందా వేయరు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఝంగ్ పట్టణంలో పెరిగిన ఆ కుర్రవాడు 1946లో కేంబ్రిడ్జికి ఎలా వెళ్లాడు? పంజాబులో యుద్ధం కోసం వసూలు చేసిన నిధి మిగిలిపోతే, చిన్న రైతుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు పెట్టారు. అందులో ఒకటి ఈయనకు దక్కింది. తోటి ఎంపికైనవారు మరుసటి ఏడు వెళ్లాల్సి ఉండగా దేశ విభజన వచ్చింది. వాళ్ల ప్రయాణం ఆగిపోయింది.

మీరడిగిన జాబితా సిద్ధంగానే ఉంది. మార్కులు, ఉద్యోగాలు రాశాం. పదేళ్ల కిందటి పిల్లల్ని కూడా మళ్లీ వెతుకుతున్నాం. వాళ్ల ఆచూకీ తెలిసినవారు ఆఫీసులో చెప్పండి.