నర్సు సోదరీమణుల పైచదువు, వృత్తిమార్పు

(సూరారమున జరిగిన వార్షిక మహాసభలో మహిళాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



 నాకు వక్తృత్వము లేదు. ముప్పది యేండ్లు రోగుల మంచముల నడుమ తిరిగిన అనుభవ మొక్కటియే నాకు గల అర్హత. మన ఆడపిల్లలలో నర్సు చదువు చదివి యుద్యోగము చేయుచున్న వారిని ఎవరిని పలుకరించినను ఒకే ప్రశ్న వినవచ్చుచున్నది. “అక్కా! ఇంకను చదువుదునా? ఈ పని మానుదునా? దేశము విడిచి పోదునా?” ఈ ప్రశ్నను గుఱించియే నాకు తోచిన నాలుగు మాటలు నేడు విన్నవింతును.

మనము కూడిన ఈ సూరారమునే చూడుడు. ఒక ప్రక్క జీడిమెట్ల పారిశ్రామికవాడ. వేఱొక ప్రక్క వైద్యకళాశాలయు, దాని ననుసరించిన పెద్ద ఆసుపత్రులును. ఉదయము షిఫ్టు మాఱు వేళ చౌరస్తాలో నిలుచుండినచో, రాత్రియంతయు మేలుకొని ఎఱ్ఱవాఱిన కన్నులతో బస్సుకొఱకు చూచు పిల్లలు కనబడుదురు. వారిలో ముగ్గురితో ఈ నెలలోనే మాటలాడితిని. ఒకతె జి. ఎన్. ఎమ్. చదివి ఆఱేండ్లు పనిచేసినది; డిగ్రీ కావలెనని ఆమె కోరిక. రెండవయామె బి. ఎస్సీ. నర్సింగు ముగించినది, జర్మనీకి పోవుటకై ఆ భాష నేర్చుచున్నది. మూడవయామె మంచముల మధ్య తిరుగుట ఇక నావలన కాదని మెడికల్ కోడింగు పనిలో చేరనెంచుచున్నది. మువ్వురు చెప్పిన కారణ మొక్కటియే: “ఇక్కడ మాకు జీతమును లేదు, మా మాటకు విలువయు లేదు.” ఈ రెండింటిలో రెండవదియే పెద్ద బాధ యని నా నమ్మకము.

మనకు ఈ వృత్తి క్రొత్తది కాదు. తెలుగునాట అనేక గ్రామములలో మన నాయీబ్రాహ్మణ కుటుంబముల పురుషులు క్షౌరముతో పాటు కురుపులు కోసి కట్లు కట్టిరి. స్త్రీలు మంత్రసానులై కాన్పులు చేసిరి. మా నాయనమ్మ అట్టి మంత్రసాని. అర్ధరాత్రమున లాంతరు పట్టుకొని ఎవరో వచ్చి పిలుచెడివారు. ఆమె కొంగు బిగించి వెంట నడచెడిది. నొప్పులు వచ్చుచున్నంతసేపు ఇంటిలోనివారికి ఆమెయే దైవము. బిడ్డ కలిగిన పిమ్మట ఆమె తిరిగి వాకిట నిలువవలసినదే; చాటెడు వడ్లు, ఒక పాతచీర ఆమె ప్రతిఫలము. ఇది మన గౌరవము కొఱకు చెప్పుకొను కథయే గాని, నిజము పూర్తిగా చెప్పవలెనన్న మఱియొక మాటయు చెప్పవలెను. ఆమె బొడ్డు కోసినది కొడవలితో. దానిని నీట మరిగింపవలెనని ఆమెకు నేర్పిన వారు లేరు. ధనుర్వాతముచే పోయిన పసికందులను గుఱించి “వాని ఆయువు అంతే” యని యామె కన్నీరు పెట్టెడిది. శుభ్రమైన కాన్పు, టీకా అను రెండు సాధనములతో ఆ వ్యాధిని మన దేశము అణచినదని 2015లో ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపఱచినది. శాస్త్రము లేని చేయి ఎంత నేర్పుగలదైనను గ్రుడ్డిదని మా నాయనమ్మ జీవితము నాకు నేర్పినది. శాస్త్రము నేర్చిన చేతికి అధికారము లేకున్నచో అదియు నిష్ఫలమని నా జీవితము నాకు నేర్పినది.

1860లో ఫ్లారెన్సు నైటింగేలు లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు పాఠశాల తెఱచిన నాటినుండి నర్సు పని శాస్త్రవిద్య యైనది. మన దేశమున 1908లో శిక్షిత నర్సుల సంఘ మేర్పడినది. 1946లో ఢిల్లీయందును వెల్లూరియందును డిగ్రీ చదువు మొదలైనది. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. 1959లో ఢిల్లీ కళాశాలయందు ఎమ్. ఎస్సీ. ఆరంభమైనది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమును చేసినది. కావున మెట్లు లేవని ఎవరును అనరాదు. జి. ఎన్. ఎమ్. మూడేండ్లు, దానిపై పోస్ట్ బేసిక్ బి. ఎస్సీ. రెండేండ్లు, నేరుగా బి. ఎస్సీ. యైనచో నాలుగేండ్లు, ఎమ్. ఎస్సీ. రెండేండ్లు. మెట్లు కలవు. ఏ మెట్టు ఏ గదికి పోవునో తెలిసికొని యెక్కుటయే కర్తవ్యము.

సోదరీమణులారా! ఏ దరఖాస్తును నింపుటకు ముందైనను మిమ్ము మీరు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు.

మొదటిది: నాకు విసుగు పుట్టించినది పనియా, పనిచేయు చోటా? భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణము ప్రకారము సాధారణపు వార్డులో బోధనాసుపత్రియందు మువ్వురు రోగులకు, ఇతర ఆసుపత్రులందు ఐదుగురికి ఒక నర్సు ఉండవలెను. ఒకతెకు ఇరువది మంచము లప్పగించిన చోట ఎంత చదివినవారికైనను ఆ పనిపై రోత పుట్టును. అది పని దోషము కాదు, చోటు దోషము. చోటు దోషమునకు మందు చోటు మార్చుటయే గాని రెండేండ్ల కోర్సు కాదు. జీతము సంగతియు అట్టిదే. 2016లో సుప్రీము కోర్టు ఆదేశముపై కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము, 200లకు మించిన మంచములు గల ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానమైన జీతము ఈయవలెననియు, 50 మంచములకు లోబడిన చోటులందు సయితము నెలకు 20,000 రూపాయలకు తక్కువ కారాదనియు సిఫారసు చేసినది. ఈ మాట మన పిల్లలలో ఎందఱికి తెలియును? తెలియని హక్కును అడుగువారు లేరు.

రెండవది: ఈ చదువు చివర ఏ యుద్యోగమున్నది? పట్టా వచ్చినంతమాత్రమున పదవి రాదు. ఎమ్. ఎస్సీ. చదివినవారికి బోధనయే ముఖ్యమైన త్రోవ. పాఠము చెప్పుట యందు ప్రీతి లేనివారు జీతమునకై అందు చేరినచో తమకును విద్యార్థినులకును కష్టమే. కళాశాలకు గుర్తింపు ఉన్నదా, రాష్ట్ర కౌన్సిలులో ఆ యర్హత నమోదగునా, ఆ మెట్టునకు ప్రత్యేకమైన పదవియు జీతమును ఏర్పఱచియున్నారా యని ముందే విచారింపుడు. ఫీజు కట్టిన తరువాత విచారించుట, నది దాటిన పిదప లోతు కొలుచుట వంటిది.

మూడవది: లెక్క. ఉదాహరణకు నెలకు 20,000 రూపాయలు తెచ్చుకొను నామె రెండేండ్లు పని మానినచో 4,80,000 రూపాయల జీతము పోవును. ఏటికి లక్ష ఫీజనుకొన్నను మొత్తము 6,80,000 అగును. చదువు పిమ్మట జీతము నెలకు 8,000 పెరిగినదనుకొందము. పోయినది తిరిగి వచ్చుటకు 85 మాసములు, అనగా ఏడేండ్లకు పైగా పట్టును. ఇరువదియైదేండ్ల పిల్లకు ఇది మంచి బేరము. నలువదియైదేండ్లు దాటిన తల్లికి వేఱు త్రోవ చూడవలెను. లెక్క వేసి చదువు మానుమని నేను చెప్పుట లేదు. లెక్క వేసి చదువుమని చెప్పుచున్నాను.

నాలుగవది: ఈ నిర్ణయ మెవరిది? దీనిని చివర చెప్పుదును.

ఇక ఆ మువ్వురి సంగతి. జర్మనీకి పోనెంచిన యామెకు నేను అడ్డు చెప్పలేదు. 2025 నాటి ప్రపంచారోగ్యసంస్థ నివేదిక ప్రకారము 2023లో లోకమున 2 కోట్ల 98 లక్షల మంది నర్సులుండగా, ఇంకను 58 లక్షల మంది కొఱత కలదు. పిలుచు దేశములు నిజముగనే పిలుచుచున్నవి. కాని ప్రతి దేశపు ద్వారమునకు ఒక్కొక్క తాళమున్నది. జర్మనీకి ఆ భాషలో బి1, బి2 మెట్లు. మన పట్టాకు గుర్తింపు పూర్తియగు వఱకు తఱుచుగా సహాయకురాలిగా పనిచేయవలెను. ఇంగ్లండుకు ఆంగ్లభాషాపరీక్షయు, తరువాత చేతిపని పరీక్షయు. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష. జపానులో వృద్ధుల సంరక్షకురాలి పని వేఱు, నర్సు పని వేఱు. ఒప్పందములో ఏ పేరున్నదో చదివికొనవలెను. 2015లో కేంద్రప్రభుత్వము గల్ఫు మొదలగు 18 దేశములకు నర్సుల నంపు పనిని ప్రభుత్వసంస్థలకే పరిమితము చేసినది దళారుల దోపిడి కారణముననే. మన రాష్ట్రమున ఇట్టి పనికై టామ్‌కామ్ అను ప్రభుత్వసంస్థ కలదు. మొదట అచట విచారించి, పిమ్మట ఇతరుల మాట వినుడు.

కోడింగు పనికి పోనెంచిన యామెకును నేను తప్పుపట్టలేదు. రోగి వ్యాధిని, చికిత్సను భీమాలెక్కలకై సంకేతాంకములుగా వ్రాయు పని అది. హైదరాబాదులో అట్టి కార్యాలయములు చాల కలవు. నడుమునొప్పి గలవారికి, పసిబిడ్డల తల్లులకు అది ఒక నీడ. అయినను నర్సు రిజిస్ట్రేషనును విడువక నిలుపుకొనుమని మాత్రము చెప్పితిని. కొన్నేండ్లు మంచము విడిచిన చేయి మరల సూదిని పట్టుట సులభము కాదు.

డిగ్రీ కోరిన యామెకు నేను మఱియొక త్రోవను కూడ చూపితిని. 2017లో మన తెలంగాణమునందు ప్రభుత్వము, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి కరీంనగరములో ముప్పది మంది ప్రభుత్వ నర్సులకు పదునెనిమిది మాసముల మిడ్‌వైఫరీ శిక్షణ నారంభించినవి. మఱుసటి యేడు, 2018లో, కేంద్రప్రభుత్వము దేశమంతటికి మిడ్‌వైఫరీ మార్గదర్శకములను ప్రకటించినది. దీని యవసర మేమనగా: 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో నూటికి 60.7 కాన్పులు ఆపరేషనుతో జరిగినవి; ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 81.5. 1985లో ప్రపంచారోగ్యసంస్థ పది పదునైదునకు మించుట అవసరము లేదని చెప్పియుండెను. ప్రాణము నిలుపుటకు కోత కావలసిన చోట కోయవలసినదే; 2018-20లో మన రాష్ట్రమున లక్ష సజీవజననములకు తల్లుల మరణములు 43కు దిగుటలో ఆసుపత్రి కాన్పులకును పాలు కలదు. కాని అవసరము లేని కోతను ఆపగలది ఓర్పుగల చేయి. ప్రక్కను కూర్చుండి, నడుము రాచి, నడిపించి, ధైర్యము చెప్పి, ప్రమాదము తోచినవెంటనే వైద్యుని పిలుచు చేయి. అది మా నాయనమ్మ చేయియే. మరిగించిన కత్తెరయు, శాస్త్రమును, సంతకము చేయు అధికారమును దానికి చేరినవి. మన యింట పుట్టి, హీనముగా చూడబడి, మనమే సిగ్గుపడి విడిచిన విద్య నేడు పట్టాతో మరలి వచ్చుచున్నది. దానిని మన పిల్లలు కాక మఱెవరు మొదట అందుకొనవలెను? అయితే ఈ త్రోవకును పై రెండవ ప్రశ్న వర్తించును. పదవి యేర్పాటు చూచుకొనియే అడుగు వేయుడు.

ఇప్పుడు నాలుగవ ప్రశ్నకు వత్తును. నాకు ముప్పదియొకటవ యేట పోస్ట్ బేసిక్ చదువున సీటు వచ్చినది. అప్పుడు నేను పనిచేయుచున్న చోట నా అసలు సర్టిఫికెట్లు బాండు పేరిట వారి బీరువాలో నుండెను, ఈయమనిరి. ఇంటివారు ఇల్లు కట్టుచుండిరి. నా జీతము సిమెంటు కొట్టునకు పోవుచుండెను. “ఇప్పుడు నీ చదువేమిటి?” యని ప్రేమగానే అడిగిరి. నేనును ఊరకుంటిని. మరల అవకాశము వచ్చునప్పటికి నాకు ముప్పదియెనిమిది. ఆ యేడేండ్లు నాకు ఎవరును తిరిగి ఈయలేదు. ఎవరిని నిందింపను. నోరు తెఱచి “ఇది నా నిర్ణయము” అనకపోవుట నా తప్పే. నేడును మన యిండ్లలో నర్సు పిల్లకు సంబంధము చూచునపుడు జీతమెంత, వీసా ఎప్పుడని యడుగుచున్నారు గాని, ఇంకేమి చదువవలెనని యున్నదని యడుగువారు అరుదు. ఆమెను కుటుంబమును లాగు ఎద్దుగా చూచుట, నాడు చాటెడు వడ్లిచ్చి వాకిట నిలిపిన దానికంటె మేలైనది కాదు.

కావున మహాసభవారిని మూడు కోరికలు కోరుచున్నాను. ఒకటి, పెండ్లి చందాల వలెనే, పనిలోనున్న నర్సుల పైచదువునకు వడ్డీలేని అప్పునిధిని సంఘము ఏర్పఱచవలెను. చదివి సంపాదించినవారు తీర్చుదురు, ఆ ధనమే వెనుకటివారికి నడచును. రెండు, అసలు సర్టిఫికెట్లను బాండుకై అట్టిపెట్టు చోట మన పిల్లలను చేర్పించము అని తలిదండ్రులు తీర్మానింపవలెను. మూడు, ఏటేట ఈ సభలోనే అనుభవముగల నర్సులు ఒక పూట కూర్చుండి, చిన్నవారి సందేహములు తీర్చవలెను. మొదటి పూటకు నేను సిద్ధము.

సోదరీమణులారా! పొండు, చదువుడు, మాఱుడు. లేదా ఉన్నచోటనే నిలిచి ఆ చోటును బాగుచేయుడు. ఏది చేసినను భయముచేత చేయకుడు, ఎవరో చెప్పిరని చేయకుడు. ఈ చదువు నా చేతికి ఇంకొక పనిని, నా మాటకు ఇంకొక విలువను తెచ్చునా యని యడుగుడు. తెచ్చునని తోచినచో వెనుకాడకుడు. సూరారము చౌరస్తాలో ఉదయపు బస్సునకై నిలుచున్న ఆ పిల్లలు మనవారు. వారి నిద్రలేని కన్నులలో మా నాయనమ్మ లాంతరు వెలుగును నేను చూచుచున్నాను. దానిని ఆరనీయకుందురని ప్రార్థించుచున్నాను.