వరద మట్టం – దుకాణం విలువ



నేను సివిల్ ఇంజనీరును. బ్యాంకుల కోసం భవనాలకు విలువ కట్టడం నా పనిలో భాగం. 2024 సెప్టెంబరు వరకు విజయవాడలో ఏ షాపు చూసినా రోడ్డు వెడల్పు, కొలతలు, చుట్టుపక్కల అద్దెలు రాసుకునేవాణ్ణి. నేల మట్టం రాసుకునేవాణ్ణి కాదు. సెప్టెంబరు 1న సింగ్‌నగర్ వైపు నేను విలువ కట్టిన ఒక గోడౌను షట్టరు సగం దాకా మునిగింది. దాని యజమాని మన బ్యాచ్ వాడే. నా రిపోర్టు మీదే అప్పు తీసుకున్నాడు. వాడు ఒప్పుకున్నాడు కనుకే ఇక్కడ చెబుతున్నాను.

"కృష్ణకు దూరంగా ఉన్నాం కదరా!" అన్నాడు వాడు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ముంచింది బుడమేరు. కొల్లేరుకు పోయే ఆ వాగు నీటిని వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీరు సులువుగా కలవదు. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. నీరు ఊరి మీదికి వచ్చింది.

ఇక విలువ సంగతి. దుకాణం ధర దాని అద్దెను బట్టి ఉంటుంది. నెలకు 50 వేల అద్దె అంటే ఏడాదికి 6 లక్షలు. కొనేవాడికి 8 శాతం రాబడి చాలనుకుంటే ధర 75 లక్షలు. మునిగే చోటని తెలిస్తే 10 శాతం కావాలంటాడు. అప్పుడు 60 లక్షలే. అద్దె 45 వేలకు దిగితే 54 లక్షలు. గోడలో ఒక్క ఇటుకా కదలకుండానే 21 లక్షలు పోయాయి.

మీలో షాపులు కొనేవాళ్ళున్నారు. గోడ మీద మరకను రంగు కప్పేస్తుంది. అందుకని పక్కనున్న టీ కొట్టులో అడగండి, నీళ్ళు ఎంత వరకు వచ్చాయో, ఎన్నాళ్ళు నిలిచాయో. కరెంటు ప్యానెలు, జనరేటరు సెల్లారులో ఉంటే పైకి మార్చడానికి అయ్యే ఖర్చు ధరలో తగ్గించి అడగండి. భవనానికి బీమా ఉన్నంత మాత్రాన లోపలి సరుకుకు ఉన్నట్టు కాదు. పాలసీలో వరద ఉందో లేదో చదవండి.

మా వాడు ప్యానెలు పైకెత్తించాడు, సరుకుకు ఎత్తయిన ర్యాకులు పెట్టించాడు. తక్కువ అద్దెకే అయినా పాత కిరాయిదారు తిరిగి వచ్చాడు. నా రిపోర్టులో ఇప్పుడు నేల మట్టానికి ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను.

సెలవు.