వంటింట్లో నా ప్రొబేషన్

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు "ఏదైనా ఇంటికి పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు. ఆ మాటను పట్టుకుని నేను వంట గురించి మాట్లాడబోతున్నాను. నవ్వుతున్నారు. మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది. నేను చెప్పేదాంట్లో అబద్ధముంటే అక్కడినుంచే లేచి ఆక్షేపణ తెలపవచ్చు.

1972లో గుమాస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా విరమించాను. ఆ 36 ఏళ్ళలో ఒక్కరోజు కూడా నేను స్టవ్వు వెలిగించలేదు. కాఫీ కాస్త చల్లారితే గ్లాసు పక్కకు జరిపినవాణ్ణి. 2019లో మా ఆవిడ స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. నాలుగు రోజులు కర్రీ పాయింటు కూరలు తెచ్చాను. ఐదోనాడు ఆ నూనెకు ఇద్దరికీ కడుపులో మంట మొదలైంది.

అప్పుడు అమెరికాలో ఉన్న మా మనవరాలు ఫోనులో ముఖం చూపిస్తూ, "తాతయ్యా, నేను మాకరోనీ బేకు చేయడం చెబుతాను, చాలా సులువు" అంది. అది నాకు పూర్తిగా కొత్త కాదు. 2012లో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు చూశాను. అక్కడ పొయ్యి కిందే పెద్ద ఓవెను ఉంటుంది. మా అమ్మాయి మాత్రం అందులో మూకుళ్ళు, పెనాలు దాచుకునేది! మన తెలుగువాళ్ళ ఇళ్ళు చాలావాటిలో అదే పద్ధతి. శనివారం నాడు మాత్రం ఆ గిన్నెలన్నీ బయటికి తీసి, పిల్లకోసం ఈ వంటకం చేసేది.

పేరు విని భయపడనక్కర్లేదు. సేమ్యా మనకు తెలిసినదే కదా. మాకరోనీ, పెన్నే, స్పగెట్టీ అన్నీ దాని చుట్టాలే. గట్టి గోధుమ రవ్వను నీటితో కలిపి, మన జంతికల గొట్టంలో బిళ్ళ వేసి నొక్కినట్టే యంత్రంలో నొక్కి, ఆరబెడతారు. ఇటలీవాళ్ళు దానిని ఉడికించి, పాలు, జున్నులాంటి చీజు కలిపి పొయ్యిలో కాలుస్తారు. వారికది ఆదివారం వంట.

ఇక విధానం చిత్తగించండి. నలుగురికి 200 గ్రాముల మాకరోనీ చాలు. పొట్లం మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నది కొనండి. మైదాతో చేసినది తొందరగా ముద్దయిపోతుంది. రెండు లీటర్ల నీరు తెర్లిన తరువాత చెంచాడు ఉప్పు వేసి మాకరోనీ వేయాలి. పొట్లం మీద పది నిమిషాలని ఉంటే ఎనిమిది నిమిషాలకే వార్చేయాలి. మిగతా ఉడుకు ఓవెనులో పడుతుంది. వార్చిన నీరు ఒక గ్లాసుడు దాచుకోండి.

రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రేకలు, ఒక కారట్, ఒక కాప్సికం, గుప్పెడు బఠాణీలు, రెండు టమాటాలు సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో మగ్గించాలి. నీరు ఇగిరిపోవాలి. లేకపోతే అడుగున చెరువు కడుతుంది.

తరువాతిది తెల్ల సాసు. నేను పరీక్ష తప్పింది ఇక్కడే. రెండు పెద్ద చెంచాల వెన్న కరిగించి, అంతే మైదా వేసి, సన్నని సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. రంగు మారకూడదు. అప్పుడు అరలీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. నేను ఫైలు త్వరగా క్లియరు చేయాలన్న అలవాటుతో పాలన్నీ ఒక్కసారే గుమ్మరించాను. గోలీలంత ఉండలు కట్టాయి. కట్టు కట్టిన చేత్తో కుర్చీలో కూర్చున్న మా ఆవిడ, "మజ్జిగ పులుసులో శనగపిండి ఎలా కలుపుతానో ఇన్నేళ్ళూ చూడలేదా?" అంది. చూడలేదు. నేను తినడమే చూశాను.

ఉండ ఎందుకు కడుతుందంటే, పిండి ముద్ద పైపొర వేడి ద్రవం తగలగానే ఉబ్బి మూసుకుపోతుంది, లోపలి పిండి పొడిగానే ఉండిపోతుంది. ముందే వెన్నలో వేయిస్తే రేణువుకూ రేణువుకూ మధ్య వెన్న చేరి, విడివిడిగా ఉంటాయి. సాసు గరిటె వెనక పొరలా అంటుకుంటే చాలు, దింపేయాలి. అందులో మిరియాల పొడి, కూరలు, మాకరోనీ వేసి కలపండి. బిగువుగా ఉంటే దాచిన నీరు పోయండి. కొంచెం జారుగానే ఉండాలి, ఓవెనులో మాకరోనీ ఇంకా పీల్చుకుంటుంది.

ఓవెనును 180 డిగ్రీలకు పెట్టి పది నిమిషాలు ముందుగా వేడి చేయాలి. వెన్న రాసిన గిన్నెలో సర్ది, పైన 75 గ్రాముల చీజు కోరి చల్లి, 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. అంచుల్లో బుడగలొచ్చి, పైన బంగారు రంగు తేలితే అయినట్టు. బయటికి తీశాక పది నిమిషాలు ఆగితేనే ముక్కలుగా వస్తుంది. అద్దం గిన్నెను వేడిగా ఉండగా తడి గట్టు మీద పెట్టకండి, పగులుతుంది. ఓవెను లేనివారు మన అమ్మలు కేకు చేసిన పద్ధతిలో, పాత మందపాటి గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతవేసి సన్నసెగ మీద చేసుకోవచ్చు. పైన రంగు రాదు, రుచికి లోటుండదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. పాలు విరగడానికి కొన్ని విదేశీ చీజులలో దూడ పొట్టనుంచి తీసిన పదార్థం వాడతారు. ఇటలీ పార్మిజాన్ అలాంటిదే. మన దేశంలో పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. చీజులో ఉప్పు ఎక్కువ, కాబట్టి బి.పి. ఉన్నవారు సాసులో ఉప్పు వేయనక్కర్లేదు. షుగరు ఉన్నవారు చిన్న కప్పుతో సరిపెట్టి, పక్కన కీరదోస ముక్కలు ఎక్కువ పెట్టుకోండి.

ఆ రాత్రి ఉండలు ఏరి పారేసి, ఎలాగో పూర్తిచేశాను. మా ఆవిడ ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిని, "ఉప్పు తక్కువైంది" అంది. మళ్ళీ కొంచెం పెట్టమంది. తరువాత నేను రెండు గంటలు నిలబడ్డ కాళ్ళు పీకుతుంటే కూర్చున్నాను. అప్పుడు నాకు 1984 జ్ఞాపకం వచ్చింది. ఆడిటుకు వచ్చిన నలుగురిని చెప్పాపెట్టకుండా భోజనానికి తీసుకొచ్చాను. ఆమె వండి వడ్డించింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని వారి ముందే అన్నాను. "ఆ రోజు నీకు ఒంట్లో ఎలా ఉంది?" అని 35 ఏళ్ళ తరువాత అడిగాను. "నూటరెండు జ్వరం" అంది. అంతే. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. మర్నాటినుంచి పొద్దుటి కాఫీ నేను పెడుతున్నాను.

మిత్రులారా, ఇది నా ఒక్కడి సంగతైతే ఇంతమంది ముందు చెప్పేవాణ్ణి కాదు. నాతో పనిచేసిన మిత్రుడొకరు భార్య పోయిన తరువాత ఎనిమిది నెలలు బన్నులు, టీతో గడిపి, ఒకనాడు కళ్ళుతిరిగి పడిపోయారు. పలకరించడానికి వెళ్తే, "మా ఇంట్లో కందిపప్పు డబ్బా ఏదో నాకు తెలియదండీ" అన్నారు. కోట్ల రూపాయల లెక్క పైసాతో సహా అప్పజెప్పిన మనిషి ఆయన.

మనకు విరమణ తేదీ ఉంది, పెన్షన్ ఉంది. మన ఇంటి ఆడవారికి రెండూ లేవు. కాబట్టి మగ సభ్యులందరికీ నా మనవి ఒకటే. నేర్పేవారు ఇంట్లో ఉండగానే ఒక్క వంటకం నేర్చుకోండి. మాకరోనీయే కానక్కర్లేదు, పప్పుచారు చాలు. మరుసటి సమావేశానికి వచ్చేటప్పుడు మీరు వండినది ఒక గిన్నెడు తీసుకురండి. నా గిన్నె నేను తెస్తాను.

మా ఆవిడ ఇంతవరకు ఆక్షేపణ తెలపలేదు కనుక, చెప్పినదంతా నిజమని రికార్డు చేయవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.