మానసిక రోగుల హక్కులు: మనం అడగవలసినవి
(కరీంనగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు ఇరవై మందికి పైగా కదలలేక కాలిపోయారు. నయమవుతుందన్న ఆశతో వారిని అక్కడ విడిచి వచ్చినది కన్నవారు, తోబుట్టువులే.

మన పేటల్లో గొలుసు కనబడకపోవచ్చు. గడియ పెట్టిన వెనుక గది ఉన్నది. గల్ఫ్ నుంచి అప్పులతో తిరిగివచ్చి మౌనం దాల్చిన కొడుకును, బీడీలు చుడుతూ నిద్రకు దూరమైన తల్లిని, సంబంధాలు చెడిపోతాయన్న భయంతో దాచుకుంటున్నాము. దుఆ చేయించడాన్ని మేము ఆక్షేపించము. దాని పేరిట మందు మాన్పించవద్దన్నదే మా విన్నపం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. దాని 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా ప్రకటించింది. 95వ సెక్షన్ గొలుసులను పూర్తిగా నిషేధించింది. మేము నొక్కి చెప్పదలచినది 74వ సెక్షన్. రోగుల ఫిర్యాదులు వినే రివ్యూ బోర్డులో న్యాయాధికారి, కలెక్టరు ప్రతినిధి, వైద్యులతోపాటు రెండు స్థానాలు రోగులకు, వారిని సాకేవారికి, లేదా ఈ రంగంలోని సంస్థలకు కేటాయించారు. మసీదు కమిటీలకు, మునిసిపల్ వార్డులకు ఇంతగా పోటీపడే మనలో ఈ కుర్చీని అడిగినవారెందరు?

మా ఉద్యోగకాలంలో ఒక తల్లి కొడుకు వైకల్య ధ్రువపత్రం కోసం వచ్చింది. ఒక కాగితం తక్కువైందని రెండుసార్లు తిప్పి పంపాము. మూడోసారి ఆమె రాలేదు. నిబంధన ప్రకారం మేము చేసినది సరైనదే. ఆ మాట ఇప్పటికీ మాకు ఊరట ఇవ్వడం లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక రోగాన్ని వైకల్యంగా గుర్తించింది. 40 శాతం ధ్రువపత్రం ఉంటే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒంటరి అర్జీ బల్ల మీదే ఉండిపోతుందని మాకన్నా ఎరిగినవారుండరు! కనుక సోమవారం ప్రజావాణికి గుంపుగా వెళదాము. సిరిసిల్ల నేత కార్మికులను, ఉట్నూరు గోండు కుటుంబాలను కలుపుకొని వెళదాము; ఆత్మహత్యల దుఃఖం, వైద్యుడి కోసం దూరప్రయాణం వారికీ తెలుసు. ఏరియా ఆసుపత్రిలో నెలనెలా మానసిక వైద్యుడు, మందులు ఉండాలని అడుగుదాము. ఎన్నికలలో గడపకు వచ్చిన అభ్యర్థిని షాదీఖానా ఒక్కటే కాక ఇదీ అడుగుదాము.

అంతవరకు అవసరమైనవారు 14416కు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు.

తలుపు దగ్గర ఒక పుస్తకం ఉంచాము. పేరు రాయడానికి సంకోచించేవారు మహల్లా పేరు రాసినా చాలు, మేమే వచ్చి కలుస్తాము.